మండిబజార్ కంప్యూటర్

గంటల వస్త, నువ్వు దాన్ని ముట్టకు అని చెప్పి పోయిండు మా ఆయన. ముట్టకు అంట. దాన్ని ముట్టాలని నేనేదో తపస్సు చేస్తాన్నట్టు. కింద స్కూటర్‌ను తన్నంగ తన్నంగ స్టార్ట్ అయింది, అది కూడ సెకండ్ హ్యాండుదే, ఆ మనిషి చేతికి కొత్తది అంటూ ఏనాడు రాలే, ఒక్క నేను తప్ప. ఇప్పుడు హనుమకొండ చౌరస్తా దాటాలె, మండిబజార్ పోవాలె, దీన్ని అమ్మిన హమీద్ దుకాణంల ఉండాలె, ఉంటే బతిలాడాలె, బతిలాడి ఎన్క కూసోబెట్టుకొని తోల్కరావాలె. ఈ లోపట ఓపెనింగ్ ముహూర్తం దాటుతది. దాటనీ. పంచాంగంల కంప్యూటర్‌కు మంచిరోజు ఎక్కడ రాసి ఉన్నది, ఇండ్లల్లకు పోయేటందుకు చూసేదే దీనికీ చూసి పెట్టిండు పంతులు, ఉత్తరం మొఖంగ పెట్టుమన్నడట. ఉత్తరం మొఖంగనే పెట్టినం. ఉత్తరం మొఖంగనే చచ్చి కూసున్నది.

చచ్చింది అనద్దట. 'ప్రాబ్లెం ఇచ్చింది' అనాలెనట. పొద్దుగాల స్విచ్ వేస్తే లోపట ఏదో గిర్రుమన్నది, పిచ్చుక పిల్ల లెక్క ఒక్కపారి కూసింది, అద్దం మాత్రం నల్లగనే ఉన్నది. మళ్ళ వేసిండు, మళ్ళ కూసింది. అప్పుడు మొదలైంది ఆయన వైద్యం. ప్లగ్గు పీకి తిప్పి పెట్టిండు. ఇంకో గోడకున్న సాకెట్ల పెట్టిండు. సందుల్లకు నోటితోని ఊదిండు. బీరువా తలుపు కొట్టినట్టు అరచేతితోని మెల్లగ చరిచిండు. అగర్‌బత్తి ముట్టిచ్చిండు. ఏదీ కాకపోయేసరికి వోల్టేజీ తక్కువుందన్నడు, ఆ మాట ఫ్యాను నమ్మలే, అది మంచిగనే తిరుగుతాంది. ఆఖరుకు నా దిక్కు తిరిగి, పొద్దుగాల హాలు తడిబట్టతోని తుడిచినవు గదా, తేమ లోపటికి పోయింది అన్నడు. నేను ఏం అనలే. ఆయన ఏదైన తెచ్చినప్పుడు ఏం అనకపోవుడు నాకు ఎప్పుడో అలవాటైంది. మాట అంటే అది ఆయనకు మర్యాద ఇచ్చినట్టు.

మొన్నటి దాక ఈ హాలు టైపు ఇన్‌స్టిట్యూట్. పెండ్లైన రెండేండ్లకు నేను పెట్టిన, మా బాపు ఆజంజాహి మిల్లుల పనిచేసి దాచిపెట్టిన పైసలతోని పెండ్లికి ముందే కొనిచ్చిన మొదటి మిషన్ మీద. ఎన్ని బ్యాచులు పోయినయో ఇక్కణ్నుంచి, కోర్టుల, కలెక్టరాఫీసుల, బ్యాంకులల్ల ఇప్పుడు కుర్సీల్ల ఉన్నోళ్ళు ఈ బల్లల మీదనే వేళ్ళు నొప్పి పెట్టుకున్నరు. ఇప్పుడు బల్లల మీద మిషన్లు లెవ్వు, మిషన్లు కూసున్న కాడ నాలుగు మూలలకు నాలుగు నూనె మరకలు ఉన్నయి. అన్నీ కాజీపేటల ఒగలకు అమ్మిండు. తీసుకపోయేటోడు ఒక్కొక్కటి ఎత్తుకపోతుంటే మా ఆయన మెట్ల మీద నిలవడి జాగ్రత్త జాగ్రత్త అని చెప్తాండు, పెండ్లిపిల్లను సాగనంపుతున్నట్టు. బయట బోర్డు మీద టైప్ ఇన్‌స్టిట్యూట్ అన్న అక్షరాలు తుడిపిచ్చి 'శకుంతల కంప్యూటర్స్' అని రాయిచ్చిండు. ఉన్నది ఒక్కటి. కంప్యూటర్స్ అట. అందునా నా పేరు. ఆయన ఏ పనికిమాలిన పని చేసినా దాని మీద నా పేరే ఉంటది, రాజేశ్వర్ రావు అని ఎక్కడ రాయిచ్చుకోడు, అంత తెలివి ఉన్నది మాత్రం.

ముందటి వరుసల పాండురంగం సార్ నిద్రపోతాండు. రిటైర్డ్ హెడ్‌మాస్టర్, రిబ్బన్ కత్తిరిచ్చే మనిషి. హనుమకొండల గాజుల దుకాణం తెరిచినా ఆయనే, పిండిగిర్ని తెరిచినా ఆయనే, కత్తెర ఆయన జేబులనే ఉంటదని నాకు అనుమానం. పిలిచిన టైముకన్న ముందే వచ్చి కూసున్నడు, వచ్చి రాంగనే, అమ్మా శకుంతలా, ఇది తెలుగుల అడిగితే చెప్తదా, ఇంగ్లీషుల్నే అడగాల్నా అన్నడు. ఎట్ల అడిగినా చెప్పదు సార్ అన్న. నవ్విండు, నేను పరాచికం ఆడిన అనుకున్నడు. ఇప్పుడు నోరు తెరిచి నిద్రపోతాండు, పెట్టె మీద వేద్దామని తెచ్చిన పూలదండ పక్క కుర్సీల వాడిపోతాంది. ఇట్లాంటోళ్ళ ముందట పరువు పోతదని మా ఆయనకు ఫికర్. వీళ్ళ ముందట పోయే పరువు ఉంటే ఎంత, పోతే ఎంత.

ఇది ఆయనకు మొదటిది కాదు. డెబ్బయి ఐదుల వర్ధన్నపేట కాడ దోస్తు పొలంల గుడ్లు పొదిగే మిషన్ పెట్టిండు, ఏదో ప్రభుత్వ ఫారంల వద్దని పారేసిన దాన్ని వేలంల కొన్నడు, కోడి అవసరమే లేదు ఇగ అన్నడు. గుడ్లు ఉడికినయి. ఉడికినయని దోస్తు చెప్తే, వేడి జర ఎక్కువైంది గాని సూత్రం కరెక్టే అన్నడు, ఆ వారమంత మేం గుడ్ల కూర తిన్నం, కోడి అవసరం లేకుంటనే. తర్వాత కాపీలు తీసే సైక్లోస్టైల్ మిషన్, దాని సిరా మా ఇంట్ల గోడల మీద ఇంక ఉన్నది. ఎనభై ఆరుల మేడారం జాతరకు, తీయంగనే ఫోటో చేతికి వచ్చే కెమెరా ఒకటి కొనుక్కొని పోయిండు, అదీ ఎవలో వాడి అమ్మిందే. జనం బంగారం అని బెల్లం ఎత్తుకొని గద్దెల దిక్కు పోతుంటే ఈయన దుమ్ముల గుడారం వేసుకొని కూసున్నడు. ఫోటోలు వచ్చినయి. అందరూ పసుపు రంగుల వచ్చిండ్రు, మొఖాలు లెవ్వు, పసుపు మాత్రమే. ఒక ముసలమ్మ దాన్నే అమ్మవారు కనవడ్డదని కండ్లకద్దుకున్నదట. అది ఒక్కటి చెప్పుకొని ఏడాది గడిపిండు.

మా చెల్లె విజయలక్ష్మి అంటది, అక్కా, బావ తాగడు, తిట్టడు, చెయ్యెత్తడు, ఇంకేం కావాలె నీకు అని. ఏం కావాలె. నన్ను చూడ వచ్చిన రోజు నా వేళ్ళ దిక్కే చూసిండు, మొఖం దిక్కు కాదు. అందరూ పాట వస్తదా, వంట వస్తదా అని అడిగితే ఈయన నువ్వు టైపు కొట్టంగ ఒకపారి చూడచ్చునా అన్నడు. మా బాపు మురిసిపోయిండు. నేను కూడ మురిసినట్టే ఉన్న, అబద్ధం ఎందుకు. కాగితం పెట్టి చూడకుంట కొట్టిన, నోరు తెరిచి చూసిండు పిలగాడు తిరునాళ్ళల బొమ్మను చూసినట్టు. అప్పుడు తెల్వలే నాకు, ఆయన చూసింది నన్ను కాదు, మిషన్‌ను అని. ఏ మిషన్‌నైన అట్లనే చూస్తడు. హమీద్ దుకాణంల దీన్ని కూడ అచ్చం అట్లనే చూసిండు. మార్కెట్ కమిటీ ఆఫీసుల దినమంత మిర్చి బస్తాల కాగితాలు రాసుకునే మనిషి, పొద్దుమూకంగ మిషన్ కాడ నిలవడితే మొఖంల వెలుగు వస్తది. ఆ వెలుగు చూస్తే నాకు అరికాళ్ళ కెళ్ళి మంట.

కొన్నప్పుడు నేను కూడ పోయిన. తోడుకు కాదు, ఎట్ల మోసపోతడో చూద్దామని. అబ్దుల్ హమీద్ మండిబజార్‌ల రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగు చేస్తడు, దుబాయిల ఏదో కంపెనీల పనిచేసి వచ్చిండు, వచ్చేటప్పుడు ఆ కంపెనీ వాడి పక్కకు పెట్టిన దీన్ని తెచ్చుకున్నడు. కుట్టుమిషన్ పెట్టె అంత ఉన్నది. మీది మూత తీస్తే అదే అక్షరాల పలక, లోపట పోస్టుకార్డు అంత అద్దం. చేతుల పట్టుకొని ఊళ్ళు తిరగచ్చునట, అందుకే పట్టుకునేటందుకు పిడి పెట్టిండ్రు, పిడి పెట్టినంత మాత్రాన రోలు సంచి అయితదా. హమీద్ నల్లటి పల్చటి అట్ట ఒకటి, ఫ్లాపీ అట, దాని నోట్లకు తోసిండు, కరకర నమిలింది, అద్దం మీద పచ్చటి అక్షరం వచ్చింది, దాని పక్కన ఒక గీత కన్ను కొట్టుకుంట. ఇంతేనా అనుకున్న నేను. మోసం చేసేటోడు ఉంటడని పోతే హమీద్ మంచోడే ఉన్నడు, నాకు అది కూడ నచ్చలే. అక్కా, ఇది పాతది, లోపట చిన్న చిన్న ముక్కలు ఒకదాంట్ల ఒకటి కూసోబెట్టి ఉంటయి, కుదుపు తాకితే లేస్తయి, జర ఒడిల పెట్టుకొని తీసుకపోండ్రి అన్నడు. నాకు చెప్పిండు, ఆయనకు కాదు. ఆయన అప్పటికే రిక్షా పిలిచి దాన్ని ఎన్క తాడుతోని కడుతాండు. పోచమ్మమైదాన్ కాడ గుంతల రిక్షా ఎగిరితే అది కూడ ఎగిరింది, ఎగిరి దబ్బున పడ్డది. ఏం కాదు, ఫారెన్ మాల్ అన్నడు. నేను వెనుకకు తిరిగి చూసిన, మళ్ళ ముందటికి తిరిగిన. ఒక్క మాట అంటే ఒడిల పెట్టుకునేటోడే. అనలే. ఇంకో గుంత ఎప్పుడు వస్తదా అని చూసిన.

పొద్దుగాల షహనాజ్ బేగం వచ్చింది, మట్వాడ పిల్ల, నా కాడనే టైపు లోయర్ పాసై హయ్యర్‌కు కొడుతుండె, ఇప్పుడు కంప్యూటర్‌కు మొట్టమొదట పేరు ఇచ్చింది ఆమెనే. బుర్ఖా మీదికి ఎత్తి అద్దం దిక్కు చూసింది, నల్లగున్న అద్దంల తన మొఖం తనకే కనవడ్డది గావచ్చు. ఈయన, పదకొండింటికి రామ్మా, అప్పటి దాక సెట్ అయితది అన్నడు. ఆ పిల్ల ఆయన మాట వినలే, నా దిక్కు చూసి మెల్లగ అడిగింది. "టీచర్, ఇది నడవకపోతే మన మిషన్లు మళ్ళ వస్తయా? నా హయ్యర్ పరీక్ష దగ్గరికొచ్చింది." మన మిషన్లు అన్నది. రావు బిడ్డా అని చెప్పలేక, చూద్దాం తియ్యి అన్న. వాళ్ళ అమ్మ అజ్మత్ బీ ఇల్లిల్లు తిరిగి చీరలమ్మి ఈ పిల్లను చదివిస్తాంది. ఈయన పిచ్చికి నేను బలి అయితే అది నా ఖర్మ, ఆ పిల్ల ఏం చేసింది.

అనుకున్న కొద్ది ఒళ్ళు మండుతాంది. జనం వస్తరు, మెట్లెక్కుతరు, ఈ చచ్చిన పెట్టె చుట్టు నిలవడి ఆయన ఏదో చెప్తడు, వాళ్ళు తలకాయలు ఊపుతరు, కిందికి పోయినంక నవ్వుకుంటరు. నా పేరు మీద నవ్వుకుంటరు. అంతకన్న దీన్ని ఎనుక అర్రల పెట్టి తలుపేసి, మిషన్ రిపేరుకు పోయింది అని చెప్పుడు నయం. పూలదండ సార్ మెడలనే వేసి పంపుడు నయం. రేపు కాజీపేట పోయి కాళ్ళు పట్టుకొనైన నాలుగు టైపుమిషన్లు వాపసు తెచ్చుడు నయం. లేసిన. తీగెలు పీకిన. పిడి పట్టి లేపితే లేవలే, రెండు చేతులు కిందికి పెట్టి ఎత్తిన, అబ్బో, దీన్ని పట్టుకొని ఊళ్ళు తిరిగేటోడు ఎవడో వాని నడుముకు దండం పెట్టాలె. జానెడు లేసిందో లేదో చీర కొంగు వేళ్ళల్లకు చిక్కింది, చెయ్యి జారింది. బల్ల మీద పడ్డది. కిటికీ అద్దాలు అదిరినయి. ఒక మూలకు పెచ్చు ఊడింది.

పాండురంగం సార్ ఉలిక్కిపడి లేసి, పిడుగు పడ్డదా అమ్మా అన్నడు. లేదు సార్, పండుండ్రి అన్న. మళ్ళ మెడ వాల్చిండు, ఆ మనిషికి అంతే కావాలె. నా గుండె కొట్టుకుంటాంది. భయమా అంటే భయం కాదు. పండుగ లెక్క ఉన్నది. అయిపోయింది, ఇగ దీని పని అయిపోయింది, ఎవలు బాగు చేసేది లేదు, గుడ్ల మిషన్ పక్కకు పోతది ఇది కూడ. నా చేతులతోని అయింది. ఈ లోపట మనసుల ఒక పురుగు, నిజంగ పోయిందా, కాదా. పోయిందో లేదో చూసి మరీ అర్రల పెడుదామని తీగె పెట్టి స్విచ్ వేసిన.

గిర్రుమన్నది. పిచ్చుక పిల్ల కూసింది. నోట్లున్న అట్టను కరకర నమిలింది. అద్దం మీద పచ్చటి వెలుగు పడ్డది, ఆ వెలుగుల ఒక అక్షరం, దాని పక్కన గీత కన్ను కొట్టుకుంట, హమీద్ దుకాణంల ఎట్లున్నదో అట్లనే.

కోపం వచ్చింది నాకు. సంతోషం రావాలె, కోపం వచ్చింది. పదహారేండ్లల్ల ఆయన తెచ్చిన మిషన్ ఒక్కటీ నడవలే, దాని మీదనే నేను బతికిన. చుట్టాలల్ల, చెల్లె ముందట, వంటింట్ల నా మాటకు ఇలువ దాని వల్లనే, పెదవి విరిచి ఊకుంటే చాలు, అందరికి అర్థమైతది. ఇప్పుడు ఇది నడిస్తే ఆయన చెప్పిందే నిజమైతది. నేను చెప్పిందేంది, నేను ఏనాడు ఏం చెప్పలే గదా, పెదవి విరిచిన అంతే. చేతులు వాటంతల అవే మళ్ళ పెట్టె కిందికి పోయినయి. ఇంకొక్కపారి ఎత్తి పడేస్తే చాలు. ఈపారి జానెడు కాదు, రొమ్ముల దాక. సార్ నిద్రల ఉన్నడు. మెట్ల మీద ఎవలు లెవ్వు. కొంగు దోపుకున్న.

ఎత్తేముందు, చావబోయే మనిషిని పలుకరిచ్చినట్టు, పలక మీద వేళ్ళు పెట్టిన. ఎందుకు పెట్టిన్నో తెల్వదు, మిషన్ ముందట నిలవడితే నా వేళ్ళు ఊకోవు. ఎ, ఎస్, డి, ఎఫ్. ఏ కాడ ఉండాల్నో ఆ కాడనే ఉన్నయి. ఇంత సముద్రాలు దాటి వచ్చిన వస్తువు, నా పాత మిషన్ల తోబుట్టువు లెక్క అదే వరుసల అక్షరాలు పెట్టుకొని కూసున్నది. కుర్సీ గుంజుకున్న. చూడకుంట కొట్టిన. తొందరల ఒక అక్షరం తప్పు పడ్డది, పడంగనే నా చెయ్యి రబ్బరు కోసం బల్ల మీద వెతికింది, రబ్బరు లేదు, కాగితమే లేదు. కుడిపక్కన వెనుకకు బాణం గుర్తున్న బటన్ ఉన్నది, నొక్కిన. తప్పు పోయింది. మరక లేదు, చిరుగు లేదు, అక్కడ తప్పు పడ్డట్టే లేదు. ఇంకోటి తప్పు కొట్టిన కావాలని. తుడిపిన. మళ్ళ కొట్టిన, మళ్ళ తుడిపిన. ఒక్క తప్పు పడితే కాగితం చింపి మొదటి నుంచి కొట్టుమని ఎంతమంది పిల్లలను ఏడిపిచ్చిన నేను, షహనాజ్‌నైతే రిబ్బన్ సిరా కండ్లకు అంటేటట్టు ఏడిపిచ్చిన. ఈ పెట్టెకు సిగ్గులేదా, ఇంత అలకగ ఎట్ల మాఫ్ చేస్తది.

తర్వాత ఆయన పేరు కొట్టిన, రాజేశ్వర్ రావు అని, కొట్టి పెద్ద బటన్ నొక్కిన. అది ఒక్క క్షణం ఆలోచన చేసి ఇంగ్లీషుల జవాబు ఇచ్చింది, ఇది తప్పుడు ఆజ్ఞ, ఇటువంటి పేరు ఏదీ లేదు అని. నవ్వు వచ్చింది. ఆపుకుందామంటే ఆగలే, కొంగు నోట్లకు కుక్కుకున్న. మళ్ళ కొట్టిన, మళ్ళ అదే మాట అన్నది, కొంచెం కూడ మొహమాటం లేదు. ఇన్నేండ్లల్ల ఈ ఇంటికి వచ్చిన వాటిల్ల నాకు ఒప్పినది ఇది ఒక్కటే. కొంగు నడుముల నుంచి తీసి భుజాన వేసుకున్న. ఇగ ఎత్తెయ్యలే.

మెట్ల మీద చెప్పుల చప్పుళ్ళు. ముందట ఈయన, చెమటతోని అంగీ ఒంటికి అతుక్కున్నది, ఎన్క హమీద్ చేతిల పానాల సంచితోని, వాళ్ళ ఎన్క షహనాజ్, ఆమె ఎన్క ఇంకొంతమంది. నేను లేసి గోడకు జరిగిన. ఈయన అద్దం చూసిండు. పచ్చటి వెలుగు మొఖం మీద పడ్డది, పాడు వెలుగు, వెంటనే హమీద్ దిక్కు తిరిగి, నేను చెప్పలేదా, వేడికి పట్టేసింది, జర చల్లారంగనే అదే వచ్చింది అన్నడు. ఎవలు పెట్టిండ్రు, ఎట్ల వచ్చింది అని నన్ను ఒక్క మాట అడగలే. హమీద్ దగ్గరికి వచ్చి ఊడిన పెచ్చు మీద వేలు పెట్టి చూసిండు, నా దిక్కు చూసిండు. "పడ్డదా అక్కా?" అన్నడు మెల్లగ. పడ్డది అన్న. పోయేటప్పుడు రిక్షాల లేసిన ముక్కలు పడ్డప్పుడు మళ్ళ కూసున్నట్టున్నయి, రాత్రికి విప్పి నేను గట్టిగ ఒత్తి పోత, ఇంకోపారి మాత్రం పడనియ్యద్దు అన్నడు. పడనియ్య అన్న.

సార్‌ను లేపిండ్రు. రిబ్బన్ తెగింది, చప్పట్లు కొట్టిండ్రు, పూలదండ పెట్టె మీద వేసిండ్రు. ఈయన పోయి కుర్సీల కూసున్నడు. రాబోయే కాలంల కలం కాగితం ఉండయి, అంత ఇందులనే అని ఏదో ఉపన్యాసం మొదలువెట్టి, ముందుగల మా సంస్థ పేరు రాసి చూపిస్త అన్నడు. ఎడమచెయ్యి ఒడిల పెట్టుకొని కుడిచేతి చూపుడువేలు గాలిల లేపిండు. వేలు పలక మీద పై వరుసల తిరిగింది. కింది వరుసకు దిగింది. మళ్ళ పైకి పోయింది. జనం చూస్తాండ్రు. నా పేరుల మొదటి అక్షరం ఎక్కడున్నదో వెతుకుతాండు. టైపు మిషన్ల నడుమ సంసారం చేసిన మనిషి, నా వేళ్ళ దిక్కే చూసి పెండ్లి చేసుకున్న మనిషి, ఎస్ ఎక్కడుంటదో ఎరికలే. షహనాజ్ తల వంచుకున్నది, ఆయన సిగ్గు తాను పడుతున్నట్టు.

"లెవ్వుండ్రి" అన్న.

వినవడలేదనుకున్నడో, వినవడ్డా అర్థం కాలేదో, వేలు అట్లనే గాలిల పెట్టుకొని నా దిక్కు చూసిండు. పెండ్లైన కాణ్నుంచి ఆయన తెచ్చిన మిషన్ గురించి నేను ఆయనతోని అన్న మొదటి మాట అది.

"లెవ్వుండ్రి. ఇది నేను నేర్పుత."

లేసిండు. గోడ కాడికి పోయి, చేతులు ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వక తెగిన రిబ్బన్ ముక్క ఏరుకొని వేలికి చుట్టుకుంట నిలవడ్డడు. మొఖంల ఆ వెలుగు మాత్రం పోలే. అట్లాంటి మొఖాన్ని ఏం చేస్తరు ఎవలైన. నేను కూసున్న, షహనాజ్‌ను పక్కకు రమ్మన్న, వేళ్ళు కుదురుగ పెట్టుకున్న. ఊరంత ఎన్క నిలవడి మెడలు సాపి చూస్తాంటే కొట్టుడు మొదలువెట్టిన, ఆమె చెప్తుంటే ఆమె పేరు, వాళ్ళ అమ్మ పేరు, తర్వాత నా పేరు, వరుసవెట్టి. పాండురంగం సార్ చెవి ముందటికి వంచిండు, కొంచెం సేపు చూసి ఆగలేకపోయిండు.

"అమ్మా, చప్పుడు వస్తలేదు. కొడుతున్నవా, లేదా?"

"కొడుతనే ఉన్న సార్" అన్న, అద్దం మీదికెళ్ళి కండ్లు తియ్యకుంట.